పరాయి పేర్లున్న తలెలు

వరంగల్‌లో మీకు ఇంకెవరూ తెలియకపోయినా ఫరవాలేదు, స్నేహలతను మాత్రం ఒక్కసారి కలిసి తీరాలి. రైలు దిగి, స్టేషన్ వెనకవైపు అండర్‌బ్రిడ్జి దాటితే శివనగర్. మూడో సందులో నీలం గేటు పక్కన చేత్తో రాసిన బోర్డు ఉంటుంది, 'చీరలకు ఫాల్, పికో వేయబడును' అని. బోర్డు కింద గడప, గడపకు ఆనుకుని కుట్టుమిషన్, మిషన్ వెనక యాభై ఎనిమిదేళ్ల స్నేహలత.

రోజుకు పదిమందికి తక్కువ కాకుండా వస్తారు. లోపలికి మాత్రం ఎవరూ రారు. స్కూటీ ఇంజన్ ఆపకుండానే కవరు అందిస్తారు.

"అక్కా, పొద్దుమీకి కావాలె. ఫంక్షనుంది."

"ఫాల్ ఏ రంగుది ఎయ్యాలె?"

"నువ్వే సూసి ఎయ్యక్కా, జర తొందర!"

అంతే, సందు మలుపులో పొగ. ఆ చుట్టుపక్కల జరిగే సగం పెళ్లిళ్ల చీరలు ఆమె చేతుల మీదుగానే వెళ్తాయి. పెళ్లి పిలుపులు మాత్రం ఆమె గడప దాకా రావు. సంబంధాలు చూసే రోజుల్లో తండ్రి పక్షవాతంతో మంచం పట్టాడు. ఆయన్ని చూసుకుంటూ ఉండగానే సంబంధాలు రావడం ఆగిపోయింది. ఆగిపోయిన సంగతి కూడా ఆమె కొన్నేళ్ల తర్వాత గానీ గమనించలేదు. ఇదంతా ఆమె నవ్వుతూనే చెబుతుంది, ఎవరైనా అడిగితే.

ఇప్పుడు ఆ గడప దాటి లోపలికి వెళ్దాం. వంటింట్లో గోడ పొడుగునా మూడు చెక్క అరలు, వాటి నిండా పాత సామాను. కంచు కంచాలు (మన దగ్గర తలెలు అంటారు కదా), ఇత్తడి గిన్నెలు, బరువైన అడుగున్న గ్లాసులు, చెంబులు, ఒక పెద్ద సర్వ. అన్నీ కలిపి నలభై ఒకటి. అందులో కొత్తది ఒక్కటి లేదు, స్టీలుది లేదు, ప్లాస్టిక్కుది అసలే లేదు. ప్రతి దాని మీదా ఎవరిదో ఒక పేరుంటుంది. ఉలితో, చిన్న సుత్తితో చుక్క చుక్కగా కొట్టిన పేరు.

ఆమె తండ్రి వెంకట్రాజానికి బజారులో పాత్రల దుకాణం ఉండేది. జనం పాతవి తెచ్చి కొత్తవి పట్టుకుపోయేవారు. పాతవి కరగబోయడానికి బట్టీకి వెళ్లేవి. వెంకట్రాజానికి ఒక పట్టింపు ఉండేది. పేరు కొట్టిన పాత్రను, అందులోనూ పెళ్లి పేరున్న దాన్ని, ఆయన బట్టీకి పంపేవాడు కాదు.

"కండ్లముంగట మనిషి బతికి ఉన్నంక పేరెట్ల కరగబోస్తం?" అనేవాడు. "యాదికొచ్చి మల్లొచ్చి అడిగితె?"

ఎవరూ మళ్లీ వచ్చి అడగలేదు. ఆయన అటక మీదికి ఎక్కిస్తూనే పోయాడు. ఆయన పోయాక కొడుకు ఓంప్రకాశ్ దుకాణాన్ని సెల్‌ఫోన్లవాళ్లకు అమ్మి హనుమకొండలో ఇల్లు కొనుక్కున్నాడు. అటక మీది మూడు గోనెసంచులు చూసి, "ఇవి నీకేం కావాలె చెప్పు, లేకుంటె తూకానికి ఏస్త" అన్నాడు. "అన్నీ కావాలె" అంది స్నేహలత. ఆమె నోరు తెరిచి ఏదైనా అడగడం అన్నకు గుర్తున్నంతలో అదే మొదటిసారి. ఆటో కిరాయి కూడా ఆయనే ఇచ్చాడు.

ఇదంతా పద్దెనిమిదేళ్ల కిందటి మాట. అప్పట్నుంచి ఆమె తినేదీ తాగేదీ వాటిలోనే. అద్దాల బీరువాలో పెట్టి చూసుకునే రకం కాదు ఆమె. పొద్దున ఉప్మా ఎవరి బిడ్డనో ఉయ్యాలలో వేసిన తొట్టెల గిన్నెలో, మధ్యాహ్నం పప్పు, అన్నం ఇంకొకరి పెళ్లి తలెలో, సాయంత్రం చాయ ఎవరో గృహప్రవేశానికి పంచిన గ్లాసులో. కంచులో వడ్డించిన అన్నం ఆఖరి ముద్ద దాకా వెచ్చగా ఉంటుందని చెబుతుంది. కంచు గిన్నెలో తోడేసిన పెరుగుకూ స్టీలు డబ్బా పెరుగుకూ ఎంత తేడానో చెప్పడం మొదలుపెడితే ఆమె చేతిలో సూది ఆగిపోతుంది. ఇత్తడి వాటికి ఏడాదికోసారి కళాయి పెట్టిస్తుంది. పులుసు మాత్రం వాటిలో కాయదు. చింతపండు, బూడిద కలిపి తోముతుంది. చుక్కల్లో ఇరుక్కున్న పసుపును పాత పళ్లబ్రష్‌తో తీస్తుంది. అన్నం కలుపుతున్నప్పుడు వేళ్లకు ఆ చుక్కలు తగులుతుంటే ఆమెకు ఎదుట ఎవరో కూర్చున్నట్టే ఉంటుంది.

పేర్ల పక్కన చాలా వాటికి తారీఖులు కూడా ఉన్నాయి. ఒక మార్చి నెలలో గిన్నె కడుగుతుంటే 'సమ్మమ్మ మనుమరాలి తొట్టెల, 12-3-1969' అని కనిపించింది. గోడ మీద క్యాలెండర్ చూస్తే ఆ రోజు పన్నెండే. ఎందుకో ఒక్కసారి ఇంట్లో సందడి మొదలైనట్టు అనిపించింది ఆమెకు. గబగబా బియ్యం కడిగి పరమాన్నం వండి, అదే గిన్నెలో వేసుకుని తింది. ఆ సాయంత్రమే కూర్చుని తారీఖులన్నీ క్యాలెండర్ మీదికి ఎక్కించింది. అప్పట్నుంచి ఏడాదిలో ఇరవై ఆరు రోజులు ఆమెకు ఏదో ఒక ఇంటి వేడుక. పెళ్లయితే భక్ష్యాలు, తొట్టెలైతే పరమాన్నం. 'కీ.శే. కిషన్ రావు గారి జ్ఞాపకార్థం' అని ఉన్న తలెలో తినే రోజు తీపి వండదు, రేడియో పెట్టదు. తొర్రూరు యువజన సంఘం వాళ్ల 'కబడ్డీ, రెండవ బహుమతి' గ్లాసు ఒకటుంది. దాని తారీఖు వచ్చిన రోజు తానే ఆడి అలసిపోయినట్టు రెండు ముద్దలు ఎక్కువ తింటుంది.

వదిన వరలక్ష్మి ఏడాదికి రెండుసార్లు చీరలకు ఫాల్స్ వేయించుకోవడానికి హనుమకొండ నుంచి వస్తుంది. తన నీళ్లసీసా తానే తెచ్చుకుంటుంది.

"ఏమమ్మా ఆడిబిడ్డా, ఇయ్యాల ఎవలింట్ల పెండ్లి?"

"ఇయ్యాల పెండ్లి లేదు వదినె, గృహప్రవేశం. బూరెలు ఏసిన, తింటవా?"

"నాకొద్దు తల్లీ. బతికినోళ్లయో సచ్చినోళ్లయో ఆ తలెలు. నేను తినే వచ్చిన." కవరు ఒళ్లో పడేసి, చెప్పులు విప్పకుండానే గడపలో నిలబడి, "నలుగురు వింటే నవ్వుతరు స్నేహా. పరాయోళ్ల పెండ్లిరోజులు నీకెందుకే?" అంది.

ఎందుకో స్నేహలతకూ తెలియదు. ఆ రోజు సాయంత్రం తొమ్మిది బూరెలూ ఒక్కతే తినలేక రెండు కాకికి వేసింది.

ఆమెకున్న వాటన్నింటిలో ముద్దొచ్చేవి ఒక జత కంచు తలెలు. రెండింటి మీదా ఒకటే రాత: 'చి. మొగిలయ్య, చి.ల.సౌ. యాకమ్మల పెండ్లికి మేనమామ రామలింగం పెట్టినది, పరకాల, 11-5-1975.' పెళ్లినాడు వధూవరులు ఎదురెదురుగా కూర్చుని బువ్వ తిన్న తలెలవి. ఏటా మే పదకొండున ఆమె ఒక దాంట్లో తిని, రెండోదాన్ని ఖాళీగా ఎదుట పెట్టుకునేది. తలె రెండున్నాయి, తినేది ఒక్కతే. ఆ ఒక్క రోజు మాత్రం సగం భక్ష్యం తలెలోనే మిగిలిపోయేది.

కిందటేడు క్యాలెండర్ మార్చేటప్పుడు లెక్క వేస్తే ఆ పెళ్లికి యాభై ఏళ్లు నిండబోతున్నాయి. అంతే, ఆమెకు ఒక పిచ్చి ఆలోచన వచ్చింది. ఆ ఇద్దర్నీ వెతికి పట్టుకుని, వాళ్ల తలెల్లో వాళ్లకే వడ్డించాలి! ఇన్నేళ్లు వాళ్ల విందు తాను తింది, ఒక్కసారి తన విందు వాళ్లు తినాలి. ఆ ఇంట్లో ఇంకో మనిషి కూర్చుని తిని అప్పటికి ఎన్నేళ్లయిందో ఆమెకే లెక్క లేదు.

ఏప్రిల్‌లో ఒక ఆదివారం మిషన్ మీద గుడ్డ కప్పి, హనుమకొండకు పోయి పరకాల బస్సెక్కింది. పరకాలలో దిగి కనిపించిన ముసలివాళ్లందర్నీ అడిగింది. మేనమామ రామలింగం పేరు చెబితే ఒక చాయ హోటలాయన గుర్తుపట్టాడు. "రామలింగం ఎప్పుడో పోయిండమ్మా. ఆయన మేనకోడలు యాకమ్మ ఉన్నది గదా, పిండిగిర్నీ యాకమ్మ! సీదా పో, చప్పుడు ఇనత్తది."

చప్పుడు వినిపించింది. గిర్నీ ముందు ఒళ్లంతా జొన్నపిండితో, కనుబొమలు కూడా తెల్లగా, గట్టి మనిషి ఒకామె నిలబడి ఉంది. అరవై ఏడేళ్లు ఉంటాయి. స్నేహలత కళ్లు అలవాటుగా ముందు ఆమె కాళ్ల వైపు పోయాయి. వేళ్లకు మట్టెలున్నాయి. నుదుట రూపాయంత బొట్టు. హమ్మయ్య, మొగిలయ్య కూడా ఉన్నాడన్నమాట. ఇంకేమీ అడగక్కర్లేదనుకుంది. మన ఊళ్లలో ఎవరైనా అంతే అనుకుంటారు.

"అక్కా, నేను నీకు ఎరక లేను. మీ పెండ్లి తలెలు నా దగ్గర ఉన్నై. కంచువి, మీ మేనమామ పెట్టినయి."

యాకమ్మ గిర్నీ ఆపేసింది. అంత చప్పుడు ఒక్కసారి ఆగేసరికి స్నేహలతకు చెవులు గింగుర్లెత్తాయి.

"రెండూ ఉన్నయా?"

"రెండూ ఉన్నై. మే పదకొండుకు మీ పెండ్లయి యాభై ఏండ్లు. మీరు మా ఇంటికి రావాలె, భోజనానికి. అండ్లనే పెడ్త."

యాకమ్మ చాలాసేపు చేతుల పిండి దులుపుకుంది. "యాడ మీ ఇల్లు?" అంది చివరికి.

అడ్రసు, ఫోన్ నంబరు చీటీ మీద రాసి ఇచ్చి, "ఇద్దరు రావాలె మరి" అంది స్నేహలత.

"వస్త తియ్యి."

తిరుగు ప్రయాణమంతా స్నేహలత బస్సు కిటికీలోంచి చూస్తూ వంటల జాబితా వేసుకుంది.

మే పదకొండు ఆదివారం. ఎండ పొద్దున్నే పెళపెళా కాస్తోంది. ఆమె నాలుగింటికే లేచి భక్ష్యాలు, మామిడికాయ పప్పు, గుత్తొంకాయ, పులిహోర, పెరుగుపచ్చడి చేసింది. తలెలు రెండింటినీ మొహం కనిపించేలా తోమి చాప ముందు ఎదురెదురుగా పెట్టింది. ఎవరైనా చీర ఇవ్వడానికి వస్తే, "ఇయ్యాల బంద్. మా ఇంట్ల చుట్టాలున్నరు" అంది. ఆ మాట అనడం కోసమే ఇద్దరు ముగ్గురు ఎక్కువ వస్తే బాగుండుననిపించింది.

పదకొండున్నరకు యాకమ్మ వచ్చింది. గడప దగ్గర ఆగలేదు, చెప్పులు విప్పి నేరుగా లోపలికి వచ్చేసింది. చేతిలో ఒక గుడ్డసంచి. వెనక ఎవరూ లేరు.

స్నేహలత సందు చివరి దాకా తొంగి చూసింది. "అన్న ఏడక్కా? వెనుక వస్తాండా?"

"ఏ అన్న?"

"మొగిలయ్యన్న."

యాకమ్మ చాప మీద కూలబడి, కొంగుతో మొహం తుడుచుకుని, తలెల వైపు చూసింది. ముట్టుకోలేదు.

"నీకెవలు చెప్పలేదా చెల్లె? ఆయన పోయి నలభై ఆరేండ్లాయె. సచ్చుడు గాదు, పోవుడు. బివండికి పోయిండు, మగ్గాల పనికని. ఇంకోదాన్ని చేసుకున్నడు ఆడ. ఉన్నడో సచ్చిండో నాకైతే ఎవలూ చెప్పలే. చెప్తెనే గదా మట్టెలు తీసేది! గట్లనే ఉన్నై."

స్నేహలత గరిటె కింద పెట్టి ఆమె ఎదుట కూర్చుంది.

"నేను అమ్మగారింటికి పోయి వచ్చేసరికి ఇల్లు కాళీ. ఇంట్ల ఇంకేం పట్టుకపోలే, ఈ రెండు తలెలే పట్టుకపోయిండు. ఎందుకు పట్టుకపోయిండు? దానికి బువ్వ పెట్టేతందుకే అనుకున్న. నా పేరున్న తలెల అది కూసోని తింటాందని, నలభై ఆరేండ్లు చెల్లె, ముద్ద నోట్లె పెట్టుకుంటె గదే యాదికొచ్చేది. నువ్వేమో నీ దగ్గర ఉన్నై అంటివి. గందుకే వచ్చిన. ఎట్ల వచ్చినయ్ నీ దగ్గరికి?"

"మా బాపు పాత్రల దుకాణంల అమ్మిపోయిన్రు. నా చిన్నప్పటి సంది మా అటక మీదనే ఉండె."

యాకమ్మ తలెల మీదికి వంగి చూసింది. "అంటే బివండి దాక పోనేలేదా ఇవి?"

"పోలేదక్కా. వరంగల్లనే ఉన్నై."

"మరి ఇండ్ల తిన్నదెవలు?"

"నేనే" అంది స్నేహలత చిన్నగా. "ఏటేట, గీ రోజు."

"ఎందుకు?"

"మీ పెండ్లిరోజు గదా అని."

యాకమ్మ నోరు తెరిచి ఆమెను చూసింది. తర్వాత మొదలైంది నవ్వు. కళ్ల వెంట నీళ్లు కారేదాకా, పక్కటెముకలు పట్టుకుని. "ఓ నీ అయ్య! నా పెండ్లిరోజు నేను మర్సిపోదామని సూస్తాంటే నువ్వు ఈడ భక్ష్యాలు చేసుకోని పండుగ చేస్తానవా! దాని మీద ఏడ్సిన ఏడుపంతా నీ మీద పడె గదే!"

స్నేహలతకు కూడా నవ్వొచ్చింది, భయంభయంగా. నవ్వు ఆగాక ఆమె వడ్డించబోతే యాకమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇండ్ల నేను తినను. ఇంకోటి తే."

స్నేహలత అర మీంచి ఇంకోటి తీసింది. "ఇదెవలది?" "కిషన్ రావు గారిది." "సచ్చినాయనదా? వద్దు." ఇంకోటి. "ఇది?" "ఇంకో పెండ్లోళ్లది." "వద్దు. ఒకల తలెల తినుడు నాకు నచ్చదు." ఇంకోటి, ఇంకోటి. యాకమ్మ అరల వంక మొత్తం ఒకసారి చూసి, "నీ పేరుది తే. అండ్ల తింట" అంది.

స్నేహలత అరల ముందు నిలబడి ఉంది. నలభై ఒక్క పేర్లు తనకు కంఠతా వచ్చు. "నాది లేదక్కా" అంది. ఈ సంగతి తనకూ ఇంతకుముందు తట్టలేదు.

సందు మూల కిరాణాకు పరిగెత్తి ఒక కట్ట విస్తర్లు కొనుక్కొచ్చింది. ఇద్దరూ వాటిలోనే తిన్నారు. యాకమ్మ భక్ష్యం మీద నెయ్యి మళ్లీ మళ్లీ వేయించుకుంది. "జర ఉప్పు తక్కువైంది పప్పుల" అంది. ఆ ఒక్క మాటకు స్నేహలతకు కడుపు నిండిపోయింది. తన వంటకు వంక పెట్టే మనిషి కూడా లేక ఎన్నేళ్లో.

వెళ్లేముందు యాకమ్మ గుడ్డసంచిలోంచి రెండు కిలోల మక్కపిండి తీసి ఇచ్చింది. తర్వాత ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఒక్కటి చెప్త, చేస్తవా? గా రెండూ కరగబోయించు. నేను పట్టుకపోయినా నా ఇంట్ల పెట్టుకోలేను. నువ్వు కూడ ఇగ తినకు. గా రెండు పేర్లు ఒక్క తాన ఉండొద్దు. రేపే కరగబోయించు, ఒట్టు పెట్టు."

"సరే అక్కా" అని స్నేహలత ఒట్టు పెట్టింది. ఆ క్షణంలో నిజంగానే అనుకుంది కూడా.

మర్నాడు తలెలు రెండూ పాత చీరముక్కలో చుట్టుకుని బజారుకు పోయింది. తండ్రికి తెలిసిన వాళ్లబ్బాయి రాంప్రసాద్‌ది ఇప్పుడక్కడ పాత సామాను కొట్టు. అతను తలెను వేలితో మీటాడు. ఖంగుమని చాలాసేపు మోగింది.

"అసలు కంచు అక్కా! గిప్పుడు దొరకదు గిసొంటిది" అంటూ నేల మీద బోర్లించి సుత్తి తీశాడు. బట్టీకి పంపే కంచును ముందు ముక్కలు చేస్తారు. సుత్తి పైకి లేచింది. ఎలా పెట్టిందో ఆమెకే తెలియదు, స్నేహలత అరచెయ్యి తలె మీద ఉంది.

"అయ్యో! చెయ్యి తియ్యక్కా, పగుల్తది!"

"వద్దు రాంప్రసాద్. ఇయ్యను."

"ఏందక్కా, బాపు లెక్కనే చేస్తానవ్ నువ్వు" అని నవ్వి సుత్తి కింద పెట్టాడు అతను.

ఇంటికొచ్చి తలెలను తన బట్టల పెట్టెలో అడుగున పెట్టింది. ఆ రాత్రి ఏడింటికి ఫోన్ మోగింది. ఆ ఫోన్‌కు చీరల గురించి తప్ప ఇంకో కాల్ రావడం అరుదు.

"చెల్లె, కరగబోయించినవా?"

ఇప్పుడు చెప్పేయాలి. చెబితే ఏమవుతుంది? యాకమ్మ తిట్టి ఫోన్ పెట్టేస్తుంది. అంతే, మళ్లీ మోగదు. మళ్లీ ఎవరూ చెప్పులు విప్పి లోపలికి రారు.

"ఆ, అక్కా. కరగబోసిన్రు."

"ఏం చేస్తరట దాన్ని?"

ఈ ప్రశ్న ఆమె ఊహించలేదు. "గంటలు పోస్తరటక్కా" అంది నోటికొచ్చినట్టు. "కంచు గదా. గుడిగంటలు పోసేటోళ్లు పట్టుకపోయిన్రు."

అవతల యాకమ్మ ఫోన్‌ను ఇంకో చెవికి మార్చుకున్న చప్పుడు.

"గంటనా!" అంది యాకమ్మ. ఆ గొంతులో అంత సంతోషం స్నేహలత ఎన్నడూ వినలేదు. "గుడిల ఉంటదా? మంచిదాయె చెల్లె. మస్తు మంచిదాయె."

అప్పట్నుంచి పదిహేను రోజులకోసారి ఆదివారం యాకమ్మ వస్తోంది. పొద్దుటి బస్సుకు దిగి సాయంత్రం బస్సుకు పోతుంది. స్నేహలత ఫాల్ కుడుతుంటే పక్కన కూర్చుని అంచులు సాపు చేస్తుంది. గడపలో నిలబడే ఆడవాళ్లను, "లోపలికి రాన్రి, కొరుకుతమా మేము?" అని ఆటపట్టిస్తుంది. ఒకరిద్దరు లోపలికి వచ్చారు కూడా. నిజమైన వేడుకల్లా ఉంటున్నాయి ఆ ఆదివారాలు. కానీ శనివారం సాయంత్రమే స్నేహలత పెట్టెకు తాళం వేసి, ఆ తాళంచెవిని బొడ్డులో దోపుకుంటుంది. మనసులో మాట చెప్పుకోవడానికి ఇన్నేళ్లకు ఒక మనిషి దొరికింది. ఉన్నదేమో ఒకటే మాట, అది ఆ మనిషికే చెప్పకూడనిది. యాకమ్మ వెళ్లిపోయాక ఇల్లు ముందుకన్నా ఖాళీగా ఉంటుంది. ఇదివరకు ఆ రెండు తలెలైనా అర మీద కనిపించేవి.

ఇంతలో ఈ ఏడాది మే పదకొండు వచ్చింది. సోమవారం. ముందురోజే ఫోన్ చేసింది యాకమ్మ. "రేపు ఇంట్ల ఒక్కదాన్నే ఉండబుద్ధి గాదు. వస్తాన" అని. స్నేహలత తెల్లవారుజామునే పెట్టె తెరిచింది. తలెలు నల్లబడ్డాయి. ఒళ్లో పెట్టుకుని చుక్కల మీద వేలు పోనిచ్చింది. చెప్పేద్దాం, ఈరోజు చెప్పేద్దాం అనుకుంది. 'అక్కా, నా చేతులు రాలేదు' అని చెబుదామనుకుంది. పెట్టె మూసింది కానీ తాళం వేయలేదు.

భోజనాలయ్యాక యాకమ్మ కొత్త చీర కుచ్చిళ్లు సర్దుకుంది. "నడువ్ చెల్లె, గుడికి పోదాం."

"ఇంత ఎండల్నా?"

"గంట కొట్టాలె."

సంగతి చెప్పింది ఆమె, సందు పొడుగునా నడుస్తూ. ఏడాదిగా ఏ గుడికి పోయినా గంట కొడుతోందట. పరకాలలో, హసన్‌పర్తిలో, మొక్కుకు పోయిన ప్రతి చోటా. ఏది తన తలెతో పోసిందో తెలియదు కాబట్టి దేన్నీ వదలడం లేదట. "ఇదివరకు ముద్ద నోట్లె పెట్టుకుంటె అదే యాదికొచ్చేది. ఇప్పుడు గంటనే యాదికొస్తాంది. కడుపునిండ తింటాన చెల్లె. గీ ఏడాది మంచిగ తింటాన."

వీధి చివరి శివాలయంలో ఆ వేళ ఎవరూ లేరు. యాకమ్మ కొంగు నడుముకు చుట్టి, మునివేళ్ల మీద లేచి, గంట నాలుక పట్టుకుని గట్టిగా కొట్టింది. ఖంగున మోగింది. ఆ మోత చాలాసేపు నిలిచింది. యాకమ్మ కళ్లు మూసుకుని, తల పక్కకు వంచి విన్నది.

"ఇను చెల్లె. ఇదేనేమో. నా తలెనే మోగుతాందేమో."

స్నేహలత నోరు తెరిచింది. చెప్పాల్సిన మాట పెదవి దాకా వచ్చింది. యాకమ్మ మొహం చూసింది. "అయ్యుంటదక్కా" అంది.

సాయంత్రం బస్సెక్కించి ఇంటికొచ్చి, దీపం కూడా పెట్టకుండా పెట్టె ముందు కూర్చుంది. చెబితే యాకమ్మకు గంట పోతుంది, తనకు యాకమ్మ పోతుంది. రాంప్రసాద్ దగ్గరికి పోయి కళ్లు మూసుకుంటే అబద్ధం నిజమవుతుంది, కానీ పద్దెనిమిదేళ్లు ఎదుట కూర్చున్న ఆ రెండు పేర్లు ముక్కలవుతాయి. ఏమీ చేయకుండా ఉంటే పదిహేను రోజులకోసారి తాళం, ప్రతి గుడిలో ఆ 'అయ్యుంటదక్కా'. ఆమె తాళం వేసింది. ఈ వారానికి అంతే అనుకుంది. వచ్చే ఆదివారం యాకమ్మ మళ్లీ వస్తుంది.

మీరైతే, ఆ గుడిలో, గంట మోత ఇంకా ఆగకముందు, ఏం చెప్పేవాళ్లు?